డైపర్ మాట వింటేనే కడుపులో తిప్పుతోంది

తిరుపతి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారు పేరు వద్దన్నారు. వయసు 32. ద్విచక్ర వాహనాల దుకాణంలో లెక్కలు చూస్తారు. భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఆమెకు 34 వారాలు నిండాయి, నవంబరు మొదట్లో కాన్పు అని డాక్టరు చెప్పారు. ఆమె పుట్టిల్లు చిత్తూరు. వచ్చే ఆదివారం సీమంతం చేసి తీసుకువెళతారు. మూడో నెల నిండాక బిడ్డతో తిరుపతి వస్తారు. ఈలోగా సెలవు దొరికిన ఆదివారాల్లో ఈయన వెళ్లి చూసి రావాలన్నది రెండు ఇళ్లవాళ్లూ కలిసి వేసుకున్న లెక్క.

చిక్కు పోయిన నెల బంధువుల గృహప్రవేశంలో మొదలైంది. పిన్నమ్మ కూతురు తన ఎనిమిది నెలల బాబును ఈయన చేతిలో పెట్టి భోజనానికి వెళ్లింది. డైపర్ పక్క నుంచి కారి ఇస్త్రీ చొక్కాకు అంటుకుంది. ఈయన బాబును పక్కవాళ్లకు ఇచ్చేసి పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నారు. అందరూ నవ్వారు, భార్య కూడా నవ్వింది. రాత్రి ఇంటికి చేరాక మాత్రం "రేపు మన బిడ్డకైనా ఇంతేనా?" అని అడిగింది. "అవన్నీ మీ అమ్మ చూసుకుంటుంది కదా" అన్నారట ఈయన. అప్పటినుంచి ఆమె అవసరమైన మాట తప్ప మాట్లాడడం లేదు.

ఇక పెద్దలు. ఈయన తల్లి "మగవాళ్లు ముట్టుకునే పనా అది" అంటున్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. అయినా డైపర్లు వేస్తే బిడ్డకు దొడ్డికాళ్లు వస్తాయని, పాత పంచెలు, నూలు చీరలు చించి ట్రంకు పెట్టెలో సిద్ధంగా పెట్టుకున్నారు. భార్యకు డైపర్లే కావాలి. తిరుపతిలో ఉండేది అద్దె ఇంటి రెండో అంతస్తు. ఇంటి యజమానురాలు పొద్దున ఒక గంట మోటారు వేస్తారు. మిద్దె మీద తులసికోట ఉంది కనుక పసిబిడ్డ గుడ్డలు అక్కడ ఆరవేయకూడదని ముందే చెప్పేశారు.

"ఇది జబ్బా? నన్ను నేను మార్చుకోగలనా? గుడ్డలు మంచివా, డైపర్లు మంచివా? వాడినవి ఎలా పారేయాలి?" అని అడిగి, చివర చిన్న అక్షరాలతో ఇంకొకటి చేర్చారు: "మాస్కు పెట్టుకుని మార్చితే బిడ్డ నన్ను చూసి భయపడుతుందా?"

సమాధానం:

జబ్బు కాదు. మలం వాసన తగలగానే వెనక్కి జరగాలనిపించడం శరీరం తన రక్షణ కోసం చేసుకున్న ఏర్పాటు. కలరా, టైఫాయిడ్ లాంటివన్నీ ఆ దారినే వస్తాయి కదా. ఆ హెచ్చరిక గంట కొందరిలో తొందరగా మోగుతుంది, కొందరిలో ఆలస్యంగా. మీది తొందర గంట. ప్రేమ తక్కువైనవాళ్లకు అది మోగుతుందని, ఎక్కువైనవాళ్లకు మోగదని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ఇద్దరిని పెంచాను. పెద్దవాడికి ఏడాది నిండే ముందు ఒకసారి పక్కబట్టంతా పులిమేస్తే, వాడిని తొట్టిలో కూర్చోబెట్టి నేను వాకిట్లోకి పోయి గాలి పీల్చుకుని వచ్చాను. తల్లినైనంత మాత్రాన ముక్కు మూతపడదు.

అయితే ఆ గంట ఎప్పుడూ ఒకే జోరున మోగదు. ఆస్ట్రేలియాలో 2006లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో 13 మంది తల్లులకు సొంత బిడ్డ డైపర్, పరాయి బిడ్డ డైపర్ వాసన చూపించారు. ఏది ఎవరిదో చెప్పకపోయినా, తారుమారు చేసి చెప్పినా, సొంత బిడ్డదే తక్కువ అసహ్యంగా ఉందన్నారు. 13 మందితో పెద్దగా ఏమీ తేలిపోదు. తండ్రులు అందులో లేరు కూడా. కానీ రోజూ తగిలే వాసనకు ముక్కు అలవాటు పడుతుందన్నది మీకూ తెలిసిన సంగతే. మీ దుకాణంలో ఇంజిన్ ఆయిల్ వాసన చేరిన కొత్తలో తెలిసినంతగా ఇప్పుడు తెలుస్తోందా?

ఇప్పుడు మీరు గమనించని ఒక సంగతి. మీ చొక్కా పాడు చేసిన బాబుకు ఎనిమిది నెలలు. అంటే అన్నం, పప్పు, అరటిపండు తినే వయసు. ఆ మలం పెద్దవాళ్ల మలానికి చిన్న చెల్లెలు. మీరు భయపడుతున్నది దానికి. నవంబరులో మీ ఇంట పుట్టబోయే బిడ్డది అది కాదు.

మొదటి రోజు వచ్చేది నల్లగా, ముదురు ఆకుపచ్చగా, రోడ్డు వేసేటప్పుడు పోసే తారులా ఉంటుంది. డాక్టర్లు మెకోనియం అంటారు. కడుపులో ఉండగా మింగిన ఉమ్మనీరు, పిత్తం, ఒంటి మీద రాలిన నూగు వెంట్రుకలు అన్నీ కలిసి అలా తయారవుతాయి. చూడడానికి భయపెడుతుంది కానీ దానికి వాసన దాదాపు ఉండదు. జిగట మాత్రం అసాధ్యం. తుడిచేకొద్దీ పూసుకుంటుంది. అందుకని బిడ్డ పుట్టిన రోజునే పిరుదులకు పలచగా కొబ్బరి నూనె రాసి ఉంచితే ఆ తారు అతుక్కోకుండా వచ్చేస్తుంది. మూడు, నాలుగు రోజులకు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి మారి, ఐదో రోజుకల్లా పసుపు రంగుకు వస్తుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డది పలచగా, మధ్యమధ్య గింజలతో, ఆవపిండి కలిపినట్టు ఉంటుంది. వాసన పులిసిన మజ్జిగలాంటిది. మజ్జిగ అన్నం తింటారు కదా మీరు? డబ్బా పాలైతే కొంచెం గట్టిపడి వాసన పెరుగుతుంది. అసలు వాసన ఆరో నెల దాటి అన్నం ముట్టించిన తరువాతే.

ఇక మీరు వేసుకున్న లెక్క చూడండి. బిడ్డ చిత్తూరులో ఉండే మూడు నెలలూ వాసన లేని నెలలు. తిరుపతికి వచ్చిన మూడు నెలలకు అన్నప్రాశన. తప్పించుకున్నామని మీరనుకుంటున్న నెలలే తేలికవి. వాటిని అత్తగారి మోకాళ్ల మీద వదిలేసి, గట్టి పరీక్షకు ఏ అభ్యాసమూ లేకుండా కూర్చోబోతున్నారు. పురుటికి పుట్టింటికి పంపే ఆచారం తల్లికి ఎంత మేలు చేస్తుందో తండ్రికి అంత అన్యాయం చేస్తుందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. బిడ్డ ఇంటికి వచ్చేసరికి మిగతా అందరికీ చేతులు తిరిగి ఉంటాయి, తండ్రి ఒక్కడే కొత్త.

అందుకని "నన్ను నేను మార్చుకోగలనా" అన్న ప్రశ్నకు నా జవాబు: మీరు మారే అవసరం చాలావరకు ఉండదు, మొదటి రోజు నుంచి అక్కడ ఉంటే చాలు. ఎలా ఉండాలన్నదే చిక్కు. ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజుల పితృత్వ సెలవు ఉంటుంది. మీలాంటి ప్రైవేటు కొలువుకు చట్టం అలాంటిదేమీ ఇవ్వలేదు. పైగా అది పండగ అమ్మకాల కాలం, మీ దుకాణంలో అప్పుడే సెలవు దొరకదని ఉత్తరంలో మీరే రాశారు. దసరా, దీపావళి రోజుల్లో అదనంగా కూర్చుంటానని చెప్పి కాన్పు తరువాత పది రోజులు అడగడం ఒక దారి. యజమాని ఒప్పుకుంటే అంతకు మించింది లేదు, కాకపోతే ఆ నెల జీతం కొంత తగ్గవచ్చు. రెండో దారి, కొన్నాళ్లు చిత్తూరులోనే ఉండి తిరుపతికి వచ్చి పోవడం. 2022లో జిల్లాలు వేరయ్యాయి గానీ దూరం ఏమీ పెరగలేదు, 70 కిలోమీటర్లు. అయినా రోజూ నాలుగు గంటలు బస్సులో కూర్చుని, రాత్రి నాలుగు సార్లు లేచేవాడు రెండో వారానికే చిరాకు పడతాడు. ఆ చిరాకు మీ భార్య మీదే పడుతుంది. రెండు వారాలకు మించి పెట్టుకోకండి. మూడోది, శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం పొద్దున తిరిగి రావడం. ఆ రెండు రాత్రులూ బిడ్డను మార్చే పని పూర్తిగా మీది. ఇది తక్కువే, కానీ క్రమం తప్పకపోతే చేతులు అలవాటు పడతాయి. చుట్టంలా వెళ్లి మధ్యాహ్నం భోజనం చేసి, బిడ్డను ఒకసారి ఎత్తుకుని ఫొటో తీసుకుని వచ్చే ఆదివారాలు మాత్రం ఎన్నయినా లెక్కకు రావు.

వీటిలో ఏదీ కుదరదనుకోండి, లేదా ఎంత ప్రయత్నించినా వాంతి ఆగదనుకోండి. మలం తప్ప మిగతా అన్నీ నేను చేస్తానని భార్యతో ఒప్పందం చేసుకోవచ్చు. తడి డైపర్లు మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు ఉతికి ఆరవేయడం, రాత్రి ఏడిస్తే లేవడం, ఇలా. మనస్ఫూర్తిగా ఆమె ఒప్పుకుంటే అందులో తప్పేమీ లేదు. ఒకటే లోటు, ఆమె బడికి తిరిగి వెళ్లిన మొదటి రోజే ఆ ఒప్పందం తెగిపోతుంది. ఇంట్లో మీరూ బిడ్డా ఉన్నప్పుడు బిడ్డ ఆమె వచ్చేదాకా ఆగదు కదా. ఆయాను పెట్టుకోవడం ఇంకో దారి. ఆమె సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతుంది, రాత్రి పని ఎటూ మీకే మిగులుతుంది.

మలం తలచుకుంటేనే చెమటలు పట్టడం, గుండె దడ, భోజనం మానేయడం దాకా వెళ్లి ఉంటే మాత్రం మనస్తత్వ నిపుణులను ఒకసారి కలవండి. కొంచెం కొంచెంగా అలవాటు చేసే పద్ధతులు వాళ్ల దగ్గర ఉన్నాయి. మీ ఉత్తరాన్ని బట్టి అంతదాకా పోలేదనే అనిపిస్తోంది.

ఇక అసలు గాయం. "అవన్నీ మీ అమ్మ చూసుకుంటుంది కదా" అన్నారు మీరు. మీకు అది డైపర్ గురించిన మాట. ఆమెకు అలా వినబడి ఉండదు. కుట్లతో, పాలు పడతాయో లేదో అన్న దిగులుతో, నిద్ర లేకుండా పడుకునే రోజుల్లో పక్కన ఎవరుంటారు అని ఆమె అడిగింది. అమ్మ ఉంటుంది, నేను ఉండను అని మీరు జవాబిచ్చారు. ఆ అమ్మకేమో మోకాళ్లు వంగవు. అది ఉత్తరంలో మీరే రాశారు, కానీ ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదువుకోలేదు. ఆమె ముందు కూర్చుని "నాకు వాంతి వచ్చింది నిజం, రేపు రాదని మాట ఇవ్వలేను, కానీ వాంతి చేసుకుని వచ్చి మళ్లీ మారుస్తాను" అని చెప్పి చూడండి. ధైర్యం నటించే మాటల కంటే అది నమ్మదగిన మాట. అందరితో కలిసి ఆమె నవ్వినందుకు మీకు చిన్నతనం అనిపించి ఉంటే అదీ చెప్పండి. ఆ కోపంతోనే ఆ రాత్రి ఆ జవాబు వచ్చిందేమోనని నా అనుమానం.

మీ అమ్మగారి మాట అబద్ధం కాదు, సగం నిజం. ఆ తరంలో మగవాళ్లు ముట్టుకోలేదు. ముట్టుకునే చేతులు వేరే ఉండేవి కనుక. పురుడు పోసే మంత్రసాని, పురిటి గుడ్డలు ఉతికే చాకలి, వాళ్లకు కొలిచిన నాలుగు గింజలు, ఒక పాత చీర. ఆ మురికి ఎత్తిపోసినవాళ్లనే మైల అని గడప బయట నిలబెట్టాం. మీ ఇంటి యజమానురాలి తులసికోట మాట వింటే నాకు అదే గుర్తుకు వచ్చింది. ఆవిడతో తగువు పెట్టుకోమని చెప్పను, అద్దె ఇల్లు. మీ వరండాలో రెండు తీగలు కట్టుకోండి. మీ అమ్మగారితోనూ వాదన వద్దు. ఆవిడ మనవడినో మనవరాలినో చూడడానికి వచ్చినప్పుడు ఆవిడ ఎదురుగానే మార్చండి. రెండుసార్లు అయ్యో అంటారు, మూడోసారి గుడ్డ అందిస్తారు.

గుడ్డలా, డైపర్లా? ఇది సిద్ధాంతం కాదు, నీళ్లూ ఎండా లెక్క. దొడ్డికాళ్ల భయం ముందు తీసేద్దాం. కడుపులో ముడుచుకుని ఉండడం వల్ల పసిబిడ్డలందరి కాళ్లూ కాస్త వంగే ఉంటాయి, రెండేళ్లకల్లా తిన్నబడతాయి. డైపర్‌కు దానితో సంబంధం లేదు. అత్తగారి మాటలో నిజమున్నది ఒరుపు విషయంలో. తడిసిన డైపర్ గంటల తరబడి ఉంచితే చర్మం ఎర్రబడి ఒరుస్తుంది. అది గుడ్డకూ వర్తిస్తుంది. గుడ్డ తడిసిన సంగతి వెంటనే తెలుస్తుంది, డైపర్ దాచిపెడుతుంది, అంతే తేడా.

చిత్తూరులో సొంత ఇల్లు, బోరు, పెరడు ఉన్నాయి కనుక పగలు గుడ్డలకు అక్కడ ఇబ్బంది లేదు. కానీ నవంబరు మన దగ్గర ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీరు చూసే ఉంటారు. ముసురు పట్టిన వారం గుడ్డలు ఆరవు. మొదటి నెలలో బిడ్డ రోజుకు ఎనిమిది, పది సార్లయినా వెళుతుంది, మూత్రం అదనం. ముప్పై ముక్కలు సరిపోతాయనుకుంటే ముసురుకు అరవై పెట్టుకోండి. లేదంటే పగలు గుడ్డలు, రాత్రీ ప్రయాణంలోనూ డైపర్లు. చాలా ఇళ్లలో చివరికి జరిగేది ఇదే, అత్తగారూ మీ భార్యా ఇద్దరూ గెలిచామనుకుంటారు. ఫిబ్రవరిలో తిరుపతి వచ్చేసరికి ఎండ బాగా ఉంటుంది, నీళ్లు ఉండవు. గంట మోటారుతో నిండే డ్రమ్ములో పసిబిడ్డ గుడ్డలు ఉతకడం కష్టం, అక్కడ డైపర్ల వాటా పెరుగుతుంది. ఒక్కోటి పది రూపాయల చొప్పున రోజుకు ఎనిమిది వేసుకున్నా నెలకు 2,400 అవుతుంది. లెక్కలు చూసేవారు మీరు, ఇప్పుడే పక్కన పెట్టండి. మొదటే పెద్ద కట్టలు కొనకండి. పుట్టినప్పటి సైజు మూడు, నాలుగు వారాల్లోనే బిగుతైపోవచ్చు.

ఆ ట్రంకు పెట్టె గురించి ఒక హెచ్చరిక. పాత చీరల మధ్య కలరా ఉండలు వేసి ఉంటే ఆ గుడ్డలను అలాగే తీసి బిడ్డకు చుట్టకూడదు. కొందరు పిల్లల్లో పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉంటుంది. అలాంటి బిడ్డకు ఆ ఉండల ఘాటు తగిలితే రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. లోపం ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయకుండా ఎవరికీ తెలియదు. ఇప్పుడే తీసి రెండు, మూడు సార్లు ఉతికి మంచి ఎండలో ఆరవేయమనండి. వాసన పోవడానికని బిడ్డ గదిలో కర్పూరం పెట్టడం కూడా వద్దు. తిరుపతిలో ఉంటూ కర్పూరం వద్దంటే వింతగా ఉంటుంది గానీ, పసిబిడ్డలకు అది విషమే.

ఇప్పుడు చేతి పని. మీ చొక్కా ఎందుకు పాడైందో చెప్పనా? డైపర్ కాళ్ల చుట్టూ చిన్న కుచ్చు అంచు ఉంటుంది. తొందరలో వేసేటప్పుడు అది లోపలికి మడతపడితే కారుతుంది. వేశాక రెండు వేళ్లతో ఆ కుచ్చును చుట్టూ బయటికి లాగాలి. చాలామంది తల్లులు కూడా ఇది మరచిపోతారు. మళ్లీ మళ్లీ వీపు వైపు నుంచి కారుతుంటే సైజు చిన్నదైందని అర్థం.

మార్చే ముందు అన్నీ చేతికి అందేలా పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లు, దూది, పొడి గుడ్డ, కొత్త డైపర్. మధ్యలో లేచి వెతుక్కుంటే వాసనతో మీ సమయం రెట్టింపు అవుతుంది. ఒక చేయి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. పాతది విప్పే ముందే కొత్తది దాని కిందికి జరపండి. విప్పగానే పాతదాని ముందు భాగాన్ని పిరుదుల కిందికి మడిచేస్తే సగం మురికి అప్పుడే కనబడకుండా పోతుంది, మీలాంటివారికి ఆ సగమే పెద్ద ఊరట. మడమల మధ్య ఒక వేలు పెట్టి కాళ్లు కొంచెం ఎత్తి, ముందు నుంచి వెనక్కి తుడవండి. ఆడపిల్లకైతే ఈ వరుస తప్పకూడదు. మగపిల్లవాడైతే విప్పగానే ఒక గుడ్డ కప్పండి, గాలి తగలగానే ధార వస్తుంది, అది మీ ముఖం దాకా రాగలదు. బొడ్డు ఊడేదాకా, అంటే ఒకటి రెండు వారాలు, డైపర్ పై అంచును బొడ్డు కిందికి మడవండి. బొడ్డు మీద పసుపు, నూనె, బూడిద ఏదీ రాయనివ్వకండి, పొడిగా ఉంచడమే మందు. పౌడర్ కూడా వద్దు, ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జుబ్బా ముందు ముడి వేసేది కొనండి. వీపు దాకా పాకిన రోజున తల మీదుగా లాగే చొక్కా తీయవలసి వస్తే జుట్టుకు కూడా పూసుకుంటుంది.

కళ్లు మూసుకుని మార్చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. పసిబిడ్డ నోరు విప్పి చెప్పలేని సంగతులు అక్కడే తెలుస్తాయి. మొదటి 24 గంటల్లో నల్లటిది రాకపోతే డాక్టరుకు చెప్పాలి. అది త్వరగా రావాలని ఆముదం చుక్కలు వేసే పెద్దలు మన వైపు ఇంకా ఉన్నారు, వేయనివ్వకండి. ముర్రుపాలే ఆ పని చేస్తాయి. తరువాతి రోజుల్లో రంగు పసుపు, ఆకుపచ్చ, గోధుమ ఏదైనా కంగారు లేదు. సున్నంలా, బూడిదలా తెల్లబడితే ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిత్త నాళాలు మూసుకుపోయిన బిడ్డకు రెండు నెలల లోపు శస్త్రచికిత్స జరిగితేనే ఫలితం బాగుంటుంది. రక్తం కనబడినా, నల్లటి మలం మొదటి రోజుల తరువాత మళ్లీ వచ్చినా అంతే. ఆడపిల్లకు మొదటి వారంలో రెండు మూడు చుక్కల ఎరుపు కనబడవచ్చు. అది తల్లి హార్మోన్ల వల్ల, తనంతట తానే ఆగుతుంది. అయినా ఒకసారి డాక్టరుకు చూపిస్తే మీ మనసు కుదుటపడుతుంది. నెలన్నర దాటాక తల్లిపాల బిడ్డ మూడు, నాలుగు రోజులు అసలు వెళ్లకపోవచ్చు. పాలు బాగా తాగుతూ, కడుపు మెత్తగా ఉండి, వచ్చినప్పుడు మెత్తగానే వస్తుంటే అది మలబద్ధకం కాదు.

మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ముఖ్యంగా ఆరో వారంలో, విరేచనాల జబ్బు రాకుండా రోటా వైరస్ టీకా చుక్కలు వేసిన తరువాత. 2016లో దేశంలో ఆ టీకాను మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అందులో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్ కనుక కొన్నాళ్లు మలంలో బయటికి వస్తుంది.

పారేయడం గురించి అడిగారు. మలాన్ని మరుగుదొడ్డిలోకి దులిపి, డైపర్‌ను బిగుతుగా చుట్టి, దాని అంటు పట్టీలతోనే బిగించి, పాత పేపరులో చుట్టి మిగతా చెత్తతో కలపకుండా వేరుగా ఇవ్వాలి. మరుగుదొడ్డిలో వేస్తే లోపలి పొడి నీళ్లు పీల్చి ఉబ్బి గొట్టం మూసుకుపోతుంది. రెండో అంతస్తు నుంచి కింద ఇంటావిడ దాకా ఆ కబురు వెళ్లడం మీకు మంచిది కాదు. పేపరు మీద ఎర్ర పెన్నుతో ఒక గీత గీయండి. పొద్దున చెత్త బండి దగ్గర నిలబడి చేతులతో వేరుచేసేవాళ్లకు అది విప్పవలసినది కాదని తెలుస్తుంది. మీకు మీ సొంత బిడ్డదే కష్టమైతే, ఊళ్లో బిడ్డలందరివీ వాళ్ల చేతుల మీదుగా వెళుతున్నాయి.

మాస్కు పెట్టుకోండి, బిడ్డ భయపడదు. పుట్టిన కొత్తలో బిడ్డకు జానెడు, జానెడున్నర దూరం దాటితే ముఖాలు మసకగానే ఉంటాయి. గొంతు మాత్రం వినబడుతుంది, ఇప్పుడు కడుపులోకి కూడా వినబడుతూనే ఉంటుంది. కనుక మార్చేటప్పుడు ఆపకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, దుకాణంలో ఆ రోజు ఎన్ని బండ్లు అమ్మారో చెప్పినా సరే. మాట్లాడేటప్పుడు ఊపిరి నోటితో తీస్తారు, ముక్కుకు వాసన తక్కువ తెలుస్తుంది.